అమెరికా నేరచిత్రములందు పలాయిత యువజనులు : ప్రాతినిధ్య చరిత్ర

చట్టమునకు వెఱచి పరుగెత్తు యువతీయువకుల కథ అమెరికా చలనచిత్రములందు 1930 ప్రాంతమునుండి నేటివఱకు ఎడతెగక వచ్చుచున్న కథారీతి. నిజముగా చేసినదో, చేసినట్లు మోపబడినదో ఒక నేరము; ఒక వాహనము; రాత్రివేళ ప్రయాణము; ఆశ్రయమిచ్చువారు కొందఱు, పట్టియిచ్చువారు కొందఱు; సరిహద్దు చేరకమునుపే తుపాకుల మ్రోత - ఇది దాని సామాన్యస్వరూపము. ఈ కథారీతి పుట్టుటకు ఆర్థికమాంద్యము, నిరుద్యోగము, మోటారుబండ్ల వ్యాప్తి మొదలగునవి కారణములని చరిత్రకారులు చెప్పుదురు. అది సత్యమే. అయినను ఈ చిత్రములను వరుసగా పరిశీలించినచో మఱియొక ప్రశ్న తప్పక ఎదురగును. పాఱిపోవువాడు ఏ జాతివాడైనప్పుడు ప్రేక్షకుడు వానిపై జాలిపడుటకు అనుమతి లభించినది? ఏ జాతివాడైనప్పుడు ఆ అనుమతి నిరాకరింపబడినది?

మన ఆలంకారికుల పరిభాషలో ఇది సాధారణీకరణమునకు సంబంధించిన ప్రశ్న. పాత్రయొక్క సుఖదుఃఖములు ఆ పాత్రకు మాత్రమే చెందినవిగాక సహృదయులందఱికిని ఆస్వాద్యములగుటయే సాధారణీకరణమని భట్టనాయకుడు ప్రతిపాదించెను; అభినవగుప్తుడు దానిని విమర్శించి, సంస్కరించి స్వీకరించెను. ఐతే ఎవని దుఃఖము సాధారణీకరణమునకు అర్హమో నిర్ణయించుటలో కవిప్రతిభతోపాటు సమాజమునకును, చట్టమునకును, వ్యాపారమునకును భాగమున్నదని చలనచిత్రచరిత్ర తెలుపుచున్నది. ఈ వ్యాసమున ప్రతి చిత్రమును నాలుగు ప్రశ్నలతో పరీక్షింతును. పాఱిపోవువాడెవడు? వానికి తోడ్పడువాడెవడు? ఆ కథను చెప్పువాడెవడు? ఆ వేషమును ధరించువాడెవడు?

మూలము : దాస్యమునుండి పలాయనము

చలనచిత్రము పుట్టకమునుపే అమెరికా సాహిత్యమున పలాయిత యువకుడు నాయకుడై నిలిచియుండెను. అతడు నల్లజాతివాడు. ఫ్రెడరిక్ డగ్లస్ 1838 సెప్టెంబరులో, ఇరువది యేండ్ల వయస్సున, మేరీలాండు రాష్ట్రమునుండి పాఱిపోయి స్వతంత్రుడయ్యెను. 1845లో ప్రకటించిన ఆత్మకథలో తాను తప్పించుకొన్న విధమును మాత్రము అతడు చెప్పలేదు. ఆ దారి బయటపడినచో వెనుక రాదలచినవారికి మూసికొనిపోవునని అతని భయము. ఆ వృత్తాంతమును అతడు విపులముగా గ్రంథస్థము చేసినది 1881లో. ఒక కథలో చెప్పకవిడిచిన భాగమే దాని సత్యమునకు సాక్ష్యమగుట సాహిత్యమున అరుదు.

పలాయిత దంపతుల కథకును మూలమిచ్చటనే గలదు. 1848 డిసెంబరులో జార్జియా రాష్ట్రమందలి మేకన్ పట్టణమునుండి విలియం క్రాఫ్ట్, ఎలెన్ క్రాఫ్ట్ అను యువదంపతులు బయలుదేరిరి. శరీరచ్ఛాయ తెలుపుగానున్న ఎలెన్ రోగపీడితుడైన శ్వేతజాతి యువకునివలె పురుషవేషము ధరించెను. విలియం ఆ యజమానునికి దాసుడుగా నటించెను. వ్రాయుట రానందున, దారిలో ఎచ్చటనైన సంతకము చేయవలసివచ్చునేమోయని ఆమె కుడిచేతిని గుడ్డతో మెడకు వ్రేలాడగట్టుకొనెను. రైళ్ళమీదను, పొగయోడలమీదను పయనించి వారు క్రిస్టమస్ నాటికి ఫిలడెల్ఫియా చేరిరి. జాతి, లింగము, వర్గము అను మూడు ఎల్లలను ఒక్క వేషముతో దాటిన కథ యిది. తరువాతి కాలపు చలనచిత్రములందు ఇంతటి సాహసముగల పలాయితకథ అరుదు.

చట్టముయొక్క దృష్టిలో వీరందఱు నేరస్థులే. తమ శరీరములను తామే అపహరించిన దొంగలు. 1850లో చేయబడిన పలాయితదాసచట్టము ఈ దృష్టిని మఱింత కఠినముగావించెను. పట్టుబడినవాడు తన పక్షమున తాను సాక్ష్యము చెప్పరాదు; వానికి జూరీ విచారణ లేదు; వానిని యజమానునికి అప్పగించిన అధికారికి పది డాలర్లు, విడిచిపెట్టినచో ఐదు డాలర్లు. ఆ చట్టము వచ్చిన పిమ్మట క్రాఫ్ట్ దంపతులు బోస్టనులో నిలువలేక ఇంగ్లండుకు పోయిరి. వారి గ్రంథము 1860లో లండనులో ప్రచురింపబడినది. పలాయితుని నోరు కట్టివేయుట ఆ చట్టమున ప్రధానాంశమని పరిశోధకులు గుర్తుంచుకొనవలెను. తరువాతి కాలమున తెఱమీద జరిగినదియు వేఱొక రూపమున అదియే.

నియమావళియు దాని ఫలితములును

1932లో మెర్విన్ లెరాయ్ దర్శకత్వమున వెలువడిన 'ఐ యామ్ ఎ ఫ్యుజిటివ్ ఫ్రమ్ ఎ చైన్ గ్యాంగ్' ఈ శాఖకు తొలి ప్రసిద్ధచిత్రములలో నొకటి. జార్జియాలో గొలుసులతో బంధింపబడి రాళ్ళు కొట్టు ఖైదీల జట్టునుండి తప్పించుకొన్న రాబర్ట్ ఎలియట్ బర్న్స్ స్వీయవృత్తాంతము దీనికాధారము. దక్షిణరాష్ట్రములందలి అట్టి జట్లలో అధికసంఖ్యాకులు నల్లజాతివారు. చిత్రమున నాయకుడు శ్వేతజాతివాడు. అతని కాలిసంకెలను సుత్తితో కొట్టి, పాదము బయటకు వచ్చునట్లు వంచినవాడు ఒక నల్లజాతి ఖైదీ. విముక్తిని ఇచ్చువాడు అక్కడనే నిలిచిపోవును. పొందినవాడు కథతోపాటు సాగిపోవును. మన రెండవ ప్రశ్నకు ఈ ఒక్క దృశ్యమే చాలినంత సమాధానము.

1930లో అంగీకరింపబడి 1934నుండి జోసెఫ్ బ్రీన్ ఆధ్వర్యవమున కచ్చితముగా అమలుజరిగిన నిర్మాణనియమావళి ఈ స్థితిని స్థిరపఱచెను. అందు రెండు నియమములు మనకు ముఖ్యములు. ప్రేక్షకుల సానుభూతి నేరమువైపునకు మొగ్గరాదనునది మొదటిది. శ్వేతజాతికిని నల్లజాతికిని నడుమ దాంపత్యసంబంధమును చూపరాదనునది రెండవది. మొదటి నియమమును దర్శకులు ఉపాయముతో దాటిరి. నాయకుని నిరపరాధిగానో, బాల్యమునుండి అన్యాయమునకు గురియైనవానిగానో చిత్రించి, చివర చంపివేసినచో నియమావళి తృప్తిపడెడిది. ప్రేక్షకుడు కన్నీరు విడుచుటకును అవకాశముండెడిది. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'యు ఓన్లీ లివ్ వన్స్' (1937) ఈ ఒప్పందమునకు మంచి ఉదాహరణము. నికొలస్ రే తీసిన 'దే లివ్ బై నైట్' మఱియొకటి. ఎడ్వర్డ్ ఆండర్సన్ 1937లో రచించిన నవల దానికి మూలము. ఆ చిత్రము 1948లో ఇంగ్లండులోను, 1949లో అమెరికాలోను విడుదలయ్యెను. పదునాఱేండ్లకే చెఱసాలకు పోయిన బోవీ, లోకమెఱుగని కీచీ - వీరి ప్రణయమును రే అత్యంత మృదువుగా చిత్రించెను. అందు నల్లజాతివారి ఉనికి ప్రధానముగా ఒక నృత్యశాలలో పాట పాడు గాయని రూపమున కానవచ్చును. ఆమె గానము మనోహరము. ఆమెకు కథ లేదు.

ఇట్టి ఒప్పందము నల్లజాతి యువకునకు దొరకలేదు. నల్లజాతి జంటను నాయికానాయకులుగా నిలిపిన పలాయితకథ ఆ కాలమున పెద్ద నిర్మాణసంస్థలనుండి వచ్చినట్లు కానరాదు. మిశ్రజాతి జంటను నియమావళియే నిషేధించినది. ఆ నిషేధము 1956వఱకు నిలిచెను. నియమావళి మొత్తము రద్దై, దానికి బదులుగా వర్గీకరణపద్ధతి వచ్చినది 1968లో.

నియమావళి పాత్రలను మాత్రమే నియమించినదనుకొనరాదు. కథ చెప్పువారిని మఱుగుపఱచిన మఱియొక నిషేధము ఆ కాలముననే నడచినది. 'గన్ క్రేజీ' (1950) చిత్రమునకు వ్రాసిన డాల్టన్ ట్రంబో రాజకీయకారణములచే నిషిద్ధుడగుటచే అతని పేరు తెఱపై పడలేదు. మఱియొక రచయిత తన పేరును అతనికి మఱుగుగా నిచ్చెను. పలాయితుల కథను వ్రాసినవాడే పేరు దాచుకొని బ్రతుకవలసివచ్చెను.

తెఱకెక్కని బిగ్గర్ థామస్

రిచర్డ్ రైట్ 1940లో ప్రకటించిన 'నేటివ్ సన్' నవల ఈ చర్చకు కేంద్రము. భయము, పలాయనము, విధి అని దాని మూడు భాగములకు పేర్లు. షికాగో నగరపు దక్షిణభాగమున నివసించు ఇరువది యేండ్ల నల్లజాతి యువకుడు బిగ్గర్ థామస్. ఒక శ్వేతజాతి యువతి గదిలో తాను కనబడినచో ఏమగునోయను భయమున అతడు ఆమెకు అప్రయత్నముగా మృత్యుకారకుడగును. పిదప పాఱిపోవుచు తన ప్రియురాలైన బెస్సీని తెలిసియే చంపును. పోలీసులు వీధి వీధియు వెదకుచు వలయమును బిగించుకొనివత్తురు. పత్రికలు అతనిని మృగముగా వర్ణించును.

రైట్ తన నాయకుని నిరపరాధిగా చూపలేదు. చదువరియొక్క జాలిని సులభముగా సంపాదింపగోరక, ఈ యువకుని ఇట్లు తయారుచేసిన నగరమును చూడుడని చెప్పెను. ఇందు నియమావళి కోరిన ఒప్పందమునకు తావులేదు. నవల విస్తారముగా అమ్ముడుపోయినది. 1941లో ఆర్సన్ వెల్స్ దర్శకత్వమున రంగస్థలమునకును ఎక్కినది. చలనచిత్రముగా అది హాలీవుడ్‌లో రూపొందలేదు. పియర్ షెనాల్ అను ఫ్రెంచి దర్శకుడు ఆర్జెంటీనాలో దానిని నిర్మించెను. అది 1951లో వెలువడెను. నలువది యేండ్లు దాటిన రైట్ తానే ఇరువది యేండ్ల బిగ్గర్ వేషమును ధరించెను. అమెరికాలో విడుదలైన ప్రతిలో చాలభాగము కత్తిరింపబడినది. షికాగో వీధుల కథకు బ్యూనస్ ఐరిస్ నగరము ఆశ్రయమిచ్చినదన్న మాట. ఇచ్చట నాయకునితోపాటు గ్రంథమే పలాయితమైనది.

ఐతే ఒక విషయమును దాటవేయరాదు. బెస్సీ పాత్రకు రైట్ నవలలో స్వతంత్రమైన బ్రతుకు తక్కువ. నల్లజాతి యువకునికి నోరిచ్చిన గ్రంథమే నల్లజాతి యువతిని మూగగా విడిచినది. ప్రాతినిధ్యము ఒక్కమాఱుగా, అందఱికిని సమముగా లభించు వస్తువు కాదని దీనివలన తెలియుచున్నది.

రైలుదిగిన నాయకుడు

స్టాన్లీ క్రేమర్ 1958లో తీసిన 'ది డిఫయంట్ వన్స్' ఒక శ్వేతజాతి ఖైదీని, ఒక నల్లజాతి ఖైదీని ఒకే గొలుసుతో కట్టి దక్షిణదేశపు అడవులలో పరుగెత్తించినది. టోనీ కర్టిస్, సిడ్నీ పోయిటియర్ ప్రధానపాత్రధారులు. ఈ చిత్రమువలన పోయిటియర్ ఉత్తమనటుని ఆస్కారు పురస్కారమునకు ప్రతిపాదింపబడిన మొదటి నల్లజాతి నటుడయ్యెను. పాత్రకు గౌరవమున్నది, నటునకు కీర్తి వచ్చినది. మన మొదటి ప్రశ్నకును నాలుగవ ప్రశ్నకును లభించు సమాధానములు సంతృప్తికరములే.

ఐనను కథాంతమున, విముక్తినిచ్చు రైలును అందుకొన్న నల్లజాతి ఖైదీ తన సహచరుని చేయి విడువక తానును నేలకూలును; ఇద్దఱును పట్టుబడుదురు. జేమ్స్ బాల్డ్విన్ 1976లో ప్రకటించిన గ్రంథమున ఈ ఘట్టమును చర్చించెను. శ్వేతజాతి ప్రేక్షకులకు ఆ త్యాగము ఊరట కలిగించినదనియు, హార్లెమ్ ప్రేక్షకులు మాత్రము ఆగ్రహించి, మరల రైలెక్కుమని నాయకుని కేకలువేసిరనియు అతని కథనము. ఒకే ఘట్టము రెండు ప్రేక్షకసమూహములకు రెండు రసములనిచ్చినది. సహృదయుడు ఏకవచనమని అనుకొను విమర్శకులకు ఇది హెచ్చరిక.

మార్పునకు ప్రసిద్ధినందిన 'బానీ అండ్ క్లైడ్' (1967) విషయమున సంక్షేపముగా చెప్పినను చాలును. 1934 మే 23న లూయిజియానాలో పోలీసుల కాల్పులకు బలియైన టెక్సాస్ యువజంట దీనికి మూలము. అప్పటికి బానీ పార్కర్ వయస్సు ఇరువదిమూడు. ఆర్థర్ పెన్ చిత్రమున, బ్యాంకు ఇల్లు లాగుకొనగా వెడలిపోవుచున్న రైతొకడు క్లైడ్ ఇచ్చిన తుపాకితో ఆ ఇంటిపై గుండు పేల్చును. తనతోపాటు ఆ పొలమున శ్రమించిన నల్లజాతి సేవకుని పిలిచి అతనిచేతను పేల్పించును. ఆ సేవకునకు పేరున్నది, కోపమున్నది. నాడు అది చిన్న విషయము కాదు. కాని అతని కోపమునకు ఒక నిమిషము మాత్రమే గడువు. వాహనమునెక్కు హక్కు అప్పటికిని శ్వేతజాతి జంటదే.

వేషము, భాష

1969లో అబ్రహాం పొలాన్‌స్కీ 'టెల్ దెమ్ విల్లీ బాయ్ ఈజ్ హియర్' చిత్రమును తీసెను. 1909లో కాలిఫోర్నియాలో ఒక ఆదివాసి యువకుడు తన ప్రియురాలితో ఎడారిలోనికి పాఱిపోయిన ఉదంతము దీనికి మూలము. చాలకాలము నిషేధమునకు గుఱియైన పొలాన్‌స్కీ తఱుమబడువారి దృష్టితోనే కథను చెప్పెను. కాని ఆదివాసి ప్రేమికుల వేషములను రాబర్ట్ బ్లేక్, కాథరిన్ రాస్ అను ఆదివాసులు కాని నటులు రంగు పూసికొని ధరించిరి. కథ వారిది, ముఖములు వారివి కావు. పాఱిపోవువాడెవడను ప్రశ్నకు మంచి సమాధానమిచ్చిన చిత్రము వేషధారి యెవడను ప్రశ్నకు తలవంచినది.

ఈ లోపమును తీర్చినదియు, భాషాశాస్త్ర జానపదవాఙ్మయ విద్యార్థులకు విశేషముగా పఠనీయమైనదియు 'ది బ్యాలడ్ ఆఫ్ గ్రెగోరియో కోర్టెజ్' (1982). ఉదంతమిది. 1901 జూన్ 12న టెక్సాస్‌లోని ఒక పల్లెకు షెరీఫ్ మోరిస్ గుఱ్ఱపుదొంగకై వెదకుచు వచ్చెను. నీవు గుఱ్ఱమును మార్చుకొంటివా అని దుబాసి స్పానిష్ భాషలో కోర్టెజును అడిగెను. ఆ భాషలో మగగుఱ్ఱమునకు 'కబాయో' అనియు, ఆడుగుఱ్ఱమునకు 'యేగ్వా' అనియు వేర్వేఱు పదములు. కోర్టెజు మార్చుకొన్నది ఆడుగుఱ్ఱము. కావున లేదని సత్యమే చెప్పెను. దుబాసికి ఆ భేదము తెలియదు. కోర్టెజు అబద్ధమాడుచున్నాడని షెరీఫ్ తలచెను. కాల్పులలో మొదట కోర్టెజు అన్నదమ్ముడు గాయపడెను, పిదప షెరీఫ్ మరణించెను. కోర్టెజు పది దినములపాటు గుఱ్ఱముమీదను, కాలినడకను సరిహద్దువైపు పరుగెత్తి పట్టుబడెను. 1913లో క్షమాభిక్ష పొందెను.

సరిహద్దు ప్రాంతపు మెక్సికన్ ప్రజలు ఈ ఉదంతమును వీరగాథగా పాడుకొనిరి. అమెరికో పరేడెస్ ఆ గాథను సేకరించి, పాఠాంతరములను పోల్చి, టెక్సాస్ విశ్వవిద్యాలయమున పరిశోధనవ్యాసముగా సమర్పించెను. అది 1958లో గ్రంథమయ్యెను. ఒక పరిశోధనగ్రంథము చలనచిత్రమగుట మనవంటివారికి ఉత్సాహకరము. రాబర్ట్ యంగ్ దర్శకత్వమున, ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ నాయకుడుగా వచ్చిన ఆ చిత్రమున స్పానిష్ సంభాషణలకు ఆంగ్లానువాదము క్రింద వేయబడలేదు. ఆంగ్లము మాత్రమే తెలిసిన ప్రేక్షకుడు షెరీఫ్ స్థానముననే కూర్చుండును; నాయకుడు మాటలాడుచున్నను వానికి అర్థముకాదు. చివర చెఱసాలలో ఒక యువతి భాషాంతరీకరించినప్పుడే ఆ యొక్క పదముయొక్క భేదము బయటపడును. తాను ఇంతసేపు నమ్మినది తప్పని ప్రేక్షకునకు స్ఫురించును. తెఱమీద ఎందఱు మెక్సికన్లు కనబడిరని లెక్కించుటకంటె, ఎవరి భాషను అర్థముచేసికొను భారము ఎవరిపై నుంచబడినదని చూచుట సార్థకమని ఈ చిత్రము బోధించుచున్నది.

ఉత్తరమునుండి దక్షిణమునకు

1971లో మెల్విన్ వాన్ పీబుల్స్ తానే వ్రాసి, తీసి, నటించిన స్వతంత్రచిత్రమున నల్లజాతి పలాయితుడు ప్రాణములతో మెక్సికో సరిహద్దు దాటెను. అది మొదట రెండే ప్రదర్శనశాలలలో విడుదలైనను విశేషముగా ధనమార్జించినది. అయినను నల్లజాతి యువజంటను కేంద్రమున నిలిపి, ఒక పెద్ద సంస్థద్వారా విడుదలై, దేశదేశములందు చర్చింపబడిన పలాయితచిత్రమనగా 2019 నాటి 'క్వీన్ అండ్ స్లిమ్'నే చెప్పవలెను. లీనా వైత్ రచన, మెలీనా మాట్సూకాస్ దర్శకత్వము. ఇద్దఱును నల్లజాతి స్త్రీలు. రైట్ నవలలో మూగవోయిన బెస్సీకి ఎనుబది యేండ్లకు ఇట్లు సమాధానము వచ్చినదని చెప్పవచ్చును.

ఒహైయో రాష్ట్రమున మొదటిసారి కలిసికొన్న ఇద్దఱు యువజనులను పోలీసు ఒకడు దారిలో ఆపును. అతడు యువతి కాలిని గాయపఱచును. పెనుగులాటలో యువకుని చేతిలో అతడు మరణించును. యువతి న్యాయవాది, న్యాయస్థానమున తమ మాట చెల్లదని ఎఱిగినది ఆమెయే. 1850 నాటి చట్టములో పలాయితునకు సాక్ష్యాధికారము లేకుండుటను ఇచ్చట స్మరింపవలెను. వారు కెంటకీమీదుగా న్యూ ఆర్లియన్స్, జార్జియా, ఫ్లారిడా వైపునకు, క్యూబా చేరునాశతో పోవుదురు. వెనుకటి దాసులు ఒహైయో నదిని ఉత్తరముగా దాటి స్వేచ్ఛను వెదకిరి. ఈ జంట అదే దారిని వ్యతిక్రమముగా దక్షిణమునకు నడచును. మధ్య మధ్య దాచువారును, అన్నము పెట్టువారును దాసపలాయనకాలపు రహస్యమార్గమునే తలపింతురు. వారిలో ఒక శ్వేతజాతి దంపతులును కలరు. తుదకు ధనమునకై పట్టియిచ్చువాడు మాత్రము నల్లజాతివాడు. ఒక జాతినంతను మంచిగానో చెడుగానో చూపక భేదములతో చూపుట నిజమైన వైవిధ్యము.

ఈ చిత్రముపై ఆక్షేపణలును వచ్చినవి. నాయికానాయకులైన జోడీ టర్నర్-స్మిత్, డేనియల్ కలూయా ఇంగ్లండువారగుట ఒకటి. నల్లజాతి యువజనుల మరణమును మరల అందముగా చిత్రించుట రెండవది. ఇది బలమైన ఆక్షేపణ. నియమావళి పోయి ఏబదియేండ్లు దాటినను అది కోరిన ముగింపు మాత్రము పోలేదు. ఐనను ఒక భేదము గమనింపదగినది. చిత్రము పొడవునను ఆ ఇద్దఱి అసలు పేర్లు మనకు తెలియవు. మరణానంతరము వార్తలలోనే వినబడును. డగ్లస్ పాఱిపోయి క్రొత్త పేరు పెట్టుకొని లోకమునకు తెలిసెను. వీరు చనిపోయిన పిమ్మట తమ పేర్లతో తెలిసిరి. ఈ రెండు పలాయనముల నడుమ నూటయెనుబది యేండ్ల చరిత్ర యున్నది.

ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలినది ఇది. అమెరికాలో పలాయితకథకు మూలపురుషులు నల్లజాతి యువజనులు. చలనచిత్రము ఆ కథయొక్క ఆకృతిని స్వీకరించి, దాని నాయకులను చాలకాలము వెలుపల నిలిపినది. వారు మరల లోనికి వచ్చుట ఒక్క దినమున జరుగలేదు. మొదట సుత్తి పట్టిన తోడుఖైదీగా, పిదప పాట పాడు గాయనిగా, గొలుసు పంచుకొన్న సహచరుడుగా, చివరకు కథానాయకులుగా వచ్చిరి. ప్రతి దశయందును నాలుగు ప్రశ్నలలో ఒకటి రెండింటికి సమాధానము లభించినను తక్కినవి మిగిలినవి.

కావున పాత్రల జాబితాలో ఏయే జాతులవారున్నారని లెక్కించినంతమాత్రమున ప్రాతినిధ్యవిచారణ పూర్తికాదు. నేరము చేసిన యువకుని తెఱమీద చూచినప్పుడు అతని మాట వినవలెనని ప్రేక్షకునకు తోచుటయో, పట్టుకొనవలెనని తోచుటయో చిత్రనిర్మాతల కల్పనపై ఆధారపడియున్నది. ఆ తోపుడే మఱునాడు న్యాయస్థానమున జూరీలో కూర్చుండు పౌరుని మనస్సునందును పనిచేయును. కల్పితకథను చరిత్రగా పరిశీలింపవలసిన అవసరము ఇందువలననే కలుగుచున్నది.